గోళాకార కణాల నుంచి రెట్టింపు కాంతి: సున్నాలు కొలిచారా?

సంపాదకులకు,

నమస్కారం. సూక్ష్మ గోళాకార కణాల మీద లేజర్ పడినప్పుడు పౌనఃపున్యం రెట్టింపైన కాంతి చెదిరి వస్తుందన్న విషయం మీద మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. అరేఖీయ కాంతి పరిక్షేపణానికి దినపత్రికలో అంత చోటు ఇవ్వడం మంచి పని. అందుకే అందులో దొర్లిన రెండు తప్పులను వదిలేయలేక ఈ ఉత్తరం రాస్తున్నాం. గోళానికి పూర్తి సౌష్ఠవం ఉంది కాబట్టి అది రెండో హార్మోనిక్ (పౌనఃపున్యం రెట్టింపైన కాంతి) ఇవ్వదనీ, ఇచ్చిందంటే ఆకారం చెడినట్టేననీ ఒకచోట రాశారు. మరోచోట, లేజర్ పుంజం వెళ్ళే దిశలోనే డిటెక్టర్ పెట్టాలనీ, అక్కడ ఊదా కాంతి ఎంత ఎక్కువ పడితే కొలత అంత నమ్మదగినదనీ రాశారు. మొదటి మాట సగం నిజం. రెండోది పూర్తిగా తలకిందులు. సరైన గోళం నుంచి ఆ దిశలో రావలసింది సున్నా. ఈ ప్రయోగాలకు కొత్తగా దిగే విద్యార్థులు నెలల తరబడి తప్పు సంకేతాన్ని కొలిచేది ఇక్కడే. కాబట్టి కాస్త వివరంగా రాయక తప్పడం లేదు.

మామూలు పరిక్షేపణంలో కాంతి రంగు మారదు. పడిన కాంతి ఏ పౌనఃపున్యంతో ఊగితే పదార్థంలోని ఎలక్ట్రాన్లూ అదే పౌనఃపున్యంతో ఊగి దాన్ని నలుదిక్కులా వెదజల్లుతాయి. చిన్న కణాలకు రేలీ 1871లో, ఏ సైజు గోళానికైనా సరిపడేలా గుస్తావ్ మీ 1908లో దీని గణితం కట్టారు. 1928లో రామన్ కనుగొన్న పరిక్షేపణంలో రంగు మారుతుంది గానీ అదీ రేఖీయమే. పడే కాంతిని రెట్టింపు చేస్తే వచ్చే కాంతి కూడా రెట్టింపే అవుతుంది. అరేఖీయ పరిక్షేపణం లెక్క వేరు. కాంతి విద్యుత్ క్షేత్రం బాగా బలంగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ల కదలికలో ఆ క్షేత్రపు వర్గానికి అనులోమంగా ఉండే చిన్న భాగం ఒకటి చేరుతుంది. రెట్టింపు పౌనఃపున్యంతో ఊగేది ఆ భాగమే. 800 నానోమీటర్ల కాంతి పడితే 400 నానోమీటర్లది వస్తుంది, 1030 పడితే 515 వస్తుంది. పడే తీవ్రతను రెట్టింపు చేస్తే ఈ కాంతి నాలుగు రెట్లవుతుంది.

దీన్ని మొదట చూపింది 1961లో ఫ్రాంకెన్ బృందం. రూబీ లేజర్ నుంచి వచ్చే 694.3 నానోమీటర్ల ఎర్ర కాంతిని క్వార్ట్జ్ స్ఫటికం గుండా పంపి, 347 నానోమీటర్ల దగ్గర ఫొటో ప్లేటు మీద ఒక చిన్న చుక్క పట్టారు. ఆ పేపరు ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయినప్పుడు బొమ్మలో ఆ చుక్క లేదు. మచ్చ అనుకుని అచ్చుకు ముందే చెరిపేశారని చెబుతారు. ద్రవాల్లోని అణువుల నుంచి చెదిరి వచ్చే రెట్టింపు కాంతిని 1965లో టెర్హ్యూన్, మేకర్, సావేజ్ కొలిచారు. దాన్నే హైపర్ రేలీ పరిక్షేపణం అంటున్నాం. గోళాకార కణాల ప్రయోగంలో ఇది ఎప్పుడూ వెనకాల ఉండే కాంతి. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

సంకేతం తీవ్రత వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టే ఫెమ్టోసెకను పల్సుల, అంటే అతి పొట్టి పల్సుల, లేజర్ కావాలి. సెకనుకు 8 కోట్ల పల్సులు, ఒక్కో పల్సు 100 ఫెమ్టోసెకన్లు ఇచ్చే టైటానియం సఫైర్ లేజర్‌ను తీసుకోండి. అంతే సగటు శక్తి ఉన్న నిరంతర లేజర్‌తో పోలిస్తే అది 1,25,000 రెట్లు ఎక్కువ రెండో హార్మోనిక్ ఇస్తుంది. పల్సుల పౌనఃపున్యాన్ని పల్సు నిడివితో గుణించి తలకిందులు చేస్తే వచ్చే అంకె అది. సెకనుకు 2 లక్షల పల్సులు, ఒక్కోటి 200 ఫెమ్టోసెకన్లు ఇచ్చే 1030 నానోమీటర్ల ఇటర్బియం లేజర్‌కు ఇదే లెక్క వేస్తే రెండున్నర కోట్ల రెట్లు వస్తుంది. అందుకే ఇప్పుడు చాలామంది రెండో రకానికి మారుతున్నారు. కానీ 1030 దగ్గర నీరు 800 కంటే ఎక్కువ కాంతిని పీల్చుకుంటుంది. శక్తి పెంచేకొద్దీ నమూనా వేడెక్కి, ఫోకస్ చెదిరిపోతుంది.

ఇక సౌష్ఠవం. కేంద్ర సౌష్ఠవం ఉన్న, అంటే కేంద్రం గుండా తిప్పి చూసినా అలాగే ఉండే, పదార్థంలో క్షేత్రాన్ని తిప్పేస్తే స్పందన కూడా తిరగాలి. కానీ వర్గానికి గుర్తు మారదు. కాబట్టి ద్విధ్రువ స్థాయిలో, అంటే ధన, రుణ ఆవేశాలు విడివడి ఊగే మొదటి లెక్కలో, రెండో హార్మోనిక్ సున్నా కాక తప్పదు. పాలీస్టైరీన్, గాజు, సగటున చూస్తే నీరు, అన్నీ ఈ కోవవే. ఉపరితలం దగ్గర మాత్రం లోపలి వైపు, బయటి వైపు వేరువేరు కాబట్టి ఆ సౌష్ఠవం తెగిపోతుంది. ఒకటి రెండు అణువుల మందం ఉన్న ఆ పొర రెట్టింపు కాంతిని ఇవ్వగలదు. ఇంత పలచటి పొరను, ద్రవంలో మునిగి ఉండగానే, కణాన్ని బయటికి తీయకుండా చూడగలగడం ఈ పద్ధతికున్న అసలు విలువ.

గోళం దగ్గర చిక్కు ఏమిటంటే, ఎదురెదురు బిందువుల్లో ఉపరితలం ఎదురెదురు దిక్కులకు చూస్తుంది. ఆ రెండు చోట్ల పుట్టే ద్విధ్రువాలూ ఎదురెదురే. సమాన బలంతో రెండు వైపులా లాగుతున్న తాడులా నికరంగా ఏమీ మిగలదు. ఇది కణం తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నదైనప్పటి మాట. నీటిలో 400 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 300 నానోమీటర్లకు తగ్గుతుంది. ఒక మైక్రోమీటరు గోళం వ్యాసంలో అలాంటివి మూడుకు పైగా పడతాయి. అప్పుడు ఈ చివర పుట్టిన తరంగానికీ ఆ చివర పుట్టిన తరంగానికీ దశలో తేడా వస్తుంది, రద్దు పూర్తి కాదు. నిఖార్సయిన గోళమే మంచి సంకేతం ఇస్తుంది. ఆకారం చెడనక్కర లేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఐసెన్‌థాల్ బృందం 1996లో దాదాపు ఒక మైక్రోమీటరు పాలీస్టైరీన్ గోళాల మీద మాలకైట్ గ్రీన్ రంగు అణువులను అంటించి దీన్ని ప్రయోగంలో చూపింది. మరీ చిన్న గోళాలకు సిద్ధాంతాన్ని 1999లో దాదాప్, షాన్, ఐసెన్‌థాల్, హైంజ్ ఇచ్చారు. అక్కడ ద్విధ్రువం ఉంటుంది గానీ అది కణం మేర కాంతి దశ మారడం వల్ల పుడుతుంది. దానితో పాటు చతుర్ధ్రువం (ఎదురెదురుగా ఉన్న రెండు ద్విధ్రువాల జంట) కూడా సమాన హోదాలో ఉంటుంది.

చిన్న కణాలకు సైజు ప్రభావం చాలా తీవ్రం. ఒక్కో కణం ఇచ్చే రెట్టింపు కాంతి వ్యాసార్ధపు ఆరో ఘాతంతో పెరుగుతుంది. వ్యాసం సగమైతే ఒక్కో కణం సంకేతం 64 రెట్లు పడిపోతుంది. బరువు అంతే ఉంచితే కణాల సంఖ్య 8 రెట్లు పెరుగుతుంది కాబట్టి మొత్తం మీద తగ్గేది 8 రెట్లు. మొత్తం ఉపరితల వైశాల్యం అంతే ఉంచితే 16 రెట్లు. ఈ మూడింటిలో దేన్ని స్థిరంగా ఉంచారో చెప్పకుండా రెండు సైజులను పోల్చిన గ్రాఫులు తరచూ కనిపిస్తాయి. వాటికి అర్థం లేదు. పైగా ఈ ఘాతం కణం తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదిగా ఉన్నంతవరకే చెల్లుతుంది. ఒక మైక్రోమీటరు దగ్గర దాన్ని వాడకూడదు.

ఇప్పుడు అసలు విషయం. కాంతి నేరుగా ముందుకు వచ్చే దిశను ఊహించండి. పడే కాంతి ధ్రువణం, అంటే దాని విద్యుత్ క్షేత్రం ఊగే దిశ, నిలువుగా ఉంది. గోళం, పుంజం కలిసిన ఈ ఏర్పాటును కుడి ఎడమలు మార్చి అద్దంలో చూసినా, పైకిందులు మార్చి చూసినా ఏ తేడా ఉండదు. క్షేత్రపు గుర్తు మారినా వర్గం మారదు కదా. కాబట్టి ముందుకు వచ్చే రెట్టింపు కాంతి నిలువుగానూ ఊగలేదు, అడ్డంగానూ ఊగలేదు. అంటే ఆ దిశలో కాంతి లేదు. ఇదే వాదన నేరుగా వెనక్కి వచ్చే దిశకూ వర్తిస్తుంది. గోళం ఎంత పెద్దదైనా, పదార్థం అన్ని దిశల్లోనూ ఒకేలా ఉన్నంతవరకు ఈ సున్నాలు ఉండి తీరాలి. వెలుగంతా పక్కలకు విడిపోతుంది. మీ వ్యాసంతో వేసిన బొమ్మలో లావుపాటి బాణం నేరుగా ముందుకు ఉంది. అక్కడ బాణం ఉండకూడదు, దానికి రెండు పక్కలా రెండు బాణాలుండాలి.

ధ్రువణంలోనూ ఇలాంటి సున్నాలున్నాయి. పడే పుంజం, డిటెక్టర్ ఉన్న తలాన్ని పరిక్షేపణ తలం అంటాం. ఆ తలంలో ఊగే ధ్రువణం పి, దానికి లంబంగా ఊగేది ఎస్. పడే కాంతి పూర్తిగా పి అయినా, పూర్తిగా ఎస్ అయినా, గోళపు ఉపరితలం నుంచి ఏ కోణంలోనూ ఎస్ ధ్రువణంతో రెట్టింపు కాంతి రాదు. వచ్చేదంతా పి లోనే. పడే ధ్రువణాన్ని ఈ రెండింటి మధ్య ఏటవాలుగా పెడితేనే ఎస్ వస్తుంది, 45 డిగ్రీల దగ్గర గరిష్ఠం. ధ్రువణ దిశను మార్చే హాఫ్ వేవ్ ప్లేట్ తిప్పుతూ ఎస్ సంకేతాన్ని పోలార్ గ్రాఫు మీద వేస్తే నాలుగు రెక్కల పువ్వు రావాలి. 0, 90, 180, 270 డిగ్రీల దగ్గర రెక్కలు మొదలంటా మూసుకుపోవాలి. ఆ నాలుగు చోట్ల ఏదైనా మిగిలితే అది గోళపు ఉపరితలానిది కాదు. ద్రావకం ఇచ్చే హైపర్ రేలీ కాంతి కావచ్చు, మెరిసే రంగుది కావచ్చు, కణాలు ముద్దకట్టినందువల్ల కావచ్చు, కాంతి ఒక కణం నుంచి ఇంకో కణానికి తగిలి ధ్రువణం చెదిరినందువల్లా కావచ్చు. మా అభిప్రాయంలో ఈ ఒక్క గ్రాఫు పది ప్రకాశవంతమైన స్పెక్ట్రాల కంటే విలువైనది. పైగా దీనికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు. ఎస్ ధ్రువణంతో కాంతి పడినప్పుడు స్వచ్ఛమైన నీరు ఎస్ లో ఇచ్చే సంకేతం గోళాల వల్ల మారదు కాబట్టి దాన్నే కొలబద్దగా పెట్టుకోవచ్చు. రోజురోజుకీ మారే లేజర్ శక్తి, పల్సు నిడివి, అద్దాల అమరిక అన్నీ గోళాల సంకేతాన్ని దానితో భాగిస్తే పోతాయి.

పుంజం దిశ నుంచి ఏ కోణంలో గరిష్ఠం వస్తుందన్నది సైజును బట్టి ఉంటుంది. ఉజ్జాయింపుగా 200 నానోమీటర్ల వ్యాసం ఉన్న కణానికి 50, 60 డిగ్రీల మధ్య, ఒక మైక్రోమీటరు కణానికి 10, 20 డిగ్రీల మధ్య. సైజు పెరిగేకొద్దీ పక్కలకు విడిపోయిన ఆ వెలుగు రెక్కలు ముందుకు వంగుతాయి, సన్నబడతాయి. డిటెక్టర్ ముందు లెన్సు 20 డిగ్రీల వెడల్పు కాంతిని పోగుచేస్తుంటే పెద్ద కణాల విషయంలో ముందు దిశలోని సున్నా, పక్కనున్న శిఖరం రెండూ ఒకే గరాటులో పడతాయి. అప్పుడు సున్నా కనిపించలేదని ఆశ్చర్యపోనక్కర లేదు. ఒక చీలిక పెట్టి వెడల్పును 3, 4 డిగ్రీలకు తగ్గించాలి. సంకేతం తగ్గినా సరే. చదరపు కువెట్ (నమూనా పోసే గాజు పాత్ర) వాడితే ఇంకో తంటా ఉంది. నీటిలో 40 డిగ్రీలకు వెళ్ళిన కాంతి ముందు గోడ దాటి గాలిలోకి వచ్చేసరికి 59 డిగ్రీలకు వంగుతుంది. 49 డిగ్రీలు దాటినది ఆ గోడ నుంచి అసలు బయటికే రాదు, లోపలే పరావర్తనమై తిరుగుతూ తప్పుడు కోణాల్లో బయటపడుతుంది. గుండ్రటి కువెట్ వాడి, పుంజం సరిగ్గా దాని అక్షం గుండా పోయేలా అమర్చడమే దారి.

నమూనా దగ్గర కాసేపు ఆగాలి. సగం కష్టాలు అక్కడివే. ఒక మైక్రోమీటరు పాలీస్టైరీన్ గోళాలు బరువులో 1 శాతం ఉన్న ద్రావణంలో మిల్లీలీటరుకు దాదాపు 1,800 కోట్ల కణాలుంటాయి. దాన్ని వెయ్యి రెట్లు పలచన చేస్తే కోటి 80 లక్షలు. ఆ పలచని ద్రావణంలో కూడా 400 నానోమీటర్ల కాంతి ఒక సెంటీమీటరు దూరం వెళ్ళేసరికి మూడో వంతు పోతుంది. 2 మిల్లీమీటర్ల దారిలో పోయేది 8 శాతం. కాబట్టి సన్నటి కువెట్ తీసుకోండి, లేదా ఇంకా పలచన చేయండి. కణాల సాంద్రతను సగం చేసినప్పుడు సంకేతం కూడా సరిగ్గా సగమవుతోందో లేదో చూడాలి. సగం కంటే తక్కువే తగ్గితే మొదటి ద్రావణం చిక్కనైపోయిందని అర్థం. కంటికి కాస్త పాలలా కనిపిస్తున్న ద్రావణం ఈ పనికి పనికిరాదు.

కొన్న గోళాలతో పాటు అవి ముద్దకట్టకుండా వేసిన సర్ఫాక్టెంట్, అంటే సబ్బులాంటి పదార్థం, వస్తుంది. ఉపరితలం గురించి చెప్పాలనుకున్న కొలతలో ఉపరితలాన్ని ముందే ఆక్రమించిన అతిథి అది. 5,000 జీ (గురుత్వానికి 5,000 రెట్లు) దగ్గర పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీరు తీసేసి, కొత్త నీరు పోసి, సోనికేటర్‌లో పెట్టి విడదీయాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. ప్రతిసారీ సైజును, కణాల కదలికను బట్టి సైజు చెప్పే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌తో చూసుకోవాలి. జంటలుగా అతుక్కున్న గోళాలకు గోళపు సౌష్ఠవం ఉండదు, సున్నాలు నిండిపోతాయి. నీటినీ బఫర్‌నీ 0.2 మైక్రోమీటర్ల సిరంజి ఫిల్టర్ గుండా పంపండి. కణాలు కలిపాక మాత్రం పంపకూడదు, మీ గోళాలే ఫిల్టర్‌లో ఉండిపోతాయి. ఉప్పు విషయంలోనూ జాగ్రత్త. ఉపరితలపు ఆవేశం చుట్టూ నీటి అణువులు వరుస కట్టి తమ వంతు సంకేతం ఇస్తాయి. ఆ పొర మందం 1 మిల్లీమోలార్ సాధారణ ఉప్పులో దాదాపు 10 నానోమీటర్లు, 100 మిల్లీమోలార్‌లో 1 నానోమీటరు. ఉప్పు మారితే సంకేతం మారడానికి ఇది ఒక కారణం. కణాలు ముద్దకట్టడం ఇంకో కారణం. రెండోది జరగలేదని తేల్చుకున్నాకే మొదటిదాని గురించి మాట్లాడాలి.

మాలకైట్ గ్రీన్ రంగు ఎంత వేయాలో ముందే లెక్క కట్టొచ్చు. మిల్లీలీటరుకు కోటి 80 లక్షల గోళాల మొత్తం ఉపరితలం 0.57 చదరపు సెంటీమీటర్లు. ఒక అణువు ఒక చదరపు నానోమీటరు ఆక్రమిస్తుందనుకుంటే మొత్తం కప్పడానికి దాదాపు 0.1 మైక్రోమోలార్ చాలు. అంతకు మించినది, అంటుకోనిది ద్రావణంలో తిరుగుతూ ఉంటుంది. గోళాలు లేకుండా అదే గాఢత రంగును కొలిచి తీసేయాల్సిందే. మాలకైట్ గ్రీన్‌కు ధనావేశం ఉంది, సల్ఫేట్ గుంపులతో రుణావేశం ఉన్న పాలీస్టైరీన్‌కు చక్కగా అంటుతుంది. 400 నానోమీటర్ల పరిసరాల్లో దానికి శోషణ పట్టీ ఉండడం వల్ల సంకేతం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పీహెచ్ 4, 5 మధ్య ఉంచండి. 7 దగ్గరికి వెళితే రంగు నెమ్మదిగా రంగులేని కార్బినాల్ రూపంలోకి మారిపోతుంది. సంకేతం తగ్గుతుంటే అణువులు ఊడిపోతున్నాయని పొరపడతారు. అది విషపదార్థం, చేతి తొడుగులు తప్పనిసరి. ఇంకొక్క మాట: రెట్టింపు కాంతి తీవ్రత ఉపరితలాన్ని కప్పిన అణువుల సంఖ్య వర్గానికి అనులోమం. సగం కప్పితే వచ్చేది నాలుగో వంతే. తీవ్రతను నేరుగా అధిశోషణ (అణువులు ఉపరితలానికి అంటుకోవడం) సమీకరణంలో పెట్టేవారికి తప్పుడు స్థిరాంకం వస్తుంది. ముందు వర్గమూలం తీయాలి. గోళం తనంతట తాను ఇచ్చే సంకేతాన్ని కూడా క్షేత్రం స్థాయిలోనే కలపాలి గానీ తీవ్రతల్లోంచి తీసేయకూడదు.

కాంతి దారిలో ఫిల్టర్ల వరస కీలకం. హాఫ్ వేవ్ ప్లేట్ క్వార్ట్జ్‌తో చేసినదైతే అదే రెండో హార్మోనిక్ పుట్టించగలదు. లెన్సుల ఉపరితలాలూ అంతే. అందుకే 400ను ఆపి 800ను వదిలే లాంగ్‌పాస్ ఫిల్టర్ అన్నింటి తర్వాత, నమూనాకు ముందు ఆఖరి వస్తువుగా ఉండాలి. నమూనా తర్వాత 800ను ఆపే ఫిల్టర్లు రెండు, ఒక్కోటి పది లక్షల వంతుకు తగ్గించేది, కావాలి. రెండూ కలిస్తే లక్ష కోట్ల వంతు. వాటిని ఒకదానికొకటి సమాంతరంగా పెట్టకుండా కాస్త వంచండి. లేకపోతే వాటి మధ్య కాంతి అటూ ఇటూ తిరిగి ఆ లెక్క నిలవదు. వాటి వెనక 400 దగ్గర 10 నానోమీటర్ల వెడల్పున్న బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టాలి. ఇది ఏటవాలు కాంతికి పొట్టి తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది కాబట్టి దాని దగ్గర కాంతి సమాంతరంగా ఉండాలి. డిటెక్టర్‌గా బైఆల్కలీ ఫోటోమల్టిప్లయర్ (ఒక్కో ఫోటాన్‌ను విద్యుత్ సంకేతంగా మార్చే గొట్టం) మంచిది. అది 400 దగ్గర బాగా చూస్తుంది, 800 దగ్గర దాదాపు గుడ్డిది.

లెక్కింపులో జరిగే పొరపాటు బయటికి కనిపించదు. సెకనుకు 2 లక్షల పల్సుల లేజర్‌తో ఒక పల్సులో రెండు ఫోటాన్లు వచ్చినా లెక్కించే యంత్రం ఒకటిగానే చూస్తుంది. సగటున 20 పల్సులకు ఒక ఫోటాన్ వస్తుంటే, అంటే సెకనుకు 10,000 దగ్గర, నష్టం రెండున్నర శాతం. అది దాటితే సవరణ వేయాలి, లేదా కాంతి తగ్గించాలి. పల్సు వచ్చినప్పుడు మాత్రమే 10 నానోసెకన్ల పాటు గేటు తెరిస్తే చీకటి లెక్కలు, అంటే కాంతి లేకున్నా డిటెక్టర్ చూపే లెక్కలు, దాదాపు మాయమవుతాయి. సెకనుకు 50 ఉన్నది 0.1కి దిగుతుంది. సున్నాను సున్నాగా చూడాలంటే ఈ గేటు లేకుండా కుదరదు.

రెండు ఫోటాన్లను పీల్చుకుని మెరిసే ఫ్లోరసెన్స్ ఈ రంగంలో అందరినీ మోసం చేసే కాంతి. అదీ తీవ్రత వర్గాన్నే అనుసరిస్తుంది. కాబట్టి లాగ్ గ్రాఫులో వాలు 2 వచ్చిందని చూపి సంతోషపడితే చాలదు. తేడా వర్ణపటపు వెడల్పులో ఉంది. 100 ఫెమ్టోసెకన్ల పల్సు వెడల్పు 800 దగ్గర 9, 10 నానోమీటర్ల మధ్య ఉంటే, దాని రెండో హార్మోనిక్ 400 దగ్గర మూడున్నర నానోమీటర్లు మించదు. ఫ్లోరసెన్స్ పదుల నానోమీటర్లు పరుచుకుంటుంది. స్పెక్ట్రోగ్రాఫ్ లేకపోతే బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌ను 420, 440 వాటితో మార్చి చూడండి. అక్కడా లెక్కలు వస్తుంటే ఆ మెరుపు 400లోకి కూడా చొరబడుతోందని అనుకోవాలి. వాలు 2 కంటే తక్కువ వస్తే డిటెక్టర్ నిండిపోవడమో, రంగు కాలిపోవడమో కారణం. 2 కంటే ఎక్కువ వస్తే బుడగలు, వేడి, లేదా మూడు ఫోటాన్ల వ్యవహారం. శక్తిని పెంచుతూ కొలిచాక మళ్ళీ తగ్గిస్తూ కొలవండి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడకపోతే నమూనా చెడింది.

బంగారం, వెండి కణాల సంగతి వేరే. మీ వ్యాసంలోని మొదటి మాట సగం నిజం అన్నది వీటి వల్లే. పదుల నానోమీటర్ల బంగారు కణాలు సూక్ష్మదర్శినిలో గుండ్రంగా కనిపించినా వాటి ఉపరితలం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ కొద్దిపాటి వంకర చాలు, మామూలు ద్విధ్రువ సంకేతం పుట్టి, ఆరో ఘాతంతో కుంగిపోయిన గోళపు సంకేతాన్ని మింగేస్తుంది. అప్పుడు పైన చెప్పిన ఎస్ గ్రాఫులో నాలుగు రెక్కల బదులు రెండే వస్తాయి. సైజు పెరిగేకొద్దీ నాలుగు రెక్కలు మెల్లగా తలెత్తుతాయి. అంటే అదే గ్రాఫు కణం ఎంత గుండ్రంగా ఉందో కూడా చెబుతుంది. బంగారం వెడల్పాటి మెరుపు కూడా ఇస్తుంది, ఎక్కువ శక్తిలో కరిగి ఆకారం మార్చుకుంటుంది. వర్ణపటపు వెడల్పు పరీక్ష లేకుండా బంగారం మీద తీసిన అంకెలను నమ్మడం కష్టం.

ఇదంతా ఎందుకంటే, ఈ కొలతల మీద పెద్ద నిర్ణయాలు నిలబడుతున్నాయి. లిపిడ్ పొరతో చేసిన బుడగల్లోకి, అంటే లైపోజోముల్లోకి, ఒక అణువు ఎంత వేగంగా చొరబడుతుందో ఈ పద్ధతి చూపగలదు. మొదట రంగు బయటి ముఖానికి అంటుకుంటే సంకేతం ఒక్కసారిగా లేస్తుంది. తర్వాత అది పొర దాటి లోపలి ముఖానికి చేరితే అక్కడి అణువులు ఎదురు దిశలో నిలుస్తాయి. పొర మందం నాలుగైదు నానోమీటర్లే కాబట్టి దశ తేడా ఉండదు, రెండూ రద్దవుతూ సంకేతం మెల్లగా పడిపోతుంది. ఆ పడిపోయే వేగమే పొర దాటే వేగం. ఇలా అణువుల రవాణాను కాంతితో నేరుగా చూడగలగడం ఎంత అందమైన సంగతో చెప్పనక్కర లేదు. కానీ రంగు కాలిపోయినా, కార్బినాల్‌గా మారినా, లైపోజోములు కలిసిపోయినా సంకేతం అలాగే పడిపోతుంది. లేజర్‌ను అరగంట మూసి మళ్ళీ తెరిచినప్పుడు సంకేతం మూసినప్పటి విలువ దగ్గరే ఉంటే, ఆ తగ్గుదలకు కారణం లేజర్. మూసి ఉంచినంతసేపూ తగ్గుతూనే ఉంటే రంగు పొర దాటుతూ ఉండవచ్చు. అదే పీహెచ్‌లో, లైపోజోముల బదులు రంగు చొరబడలేని పాలీస్టైరీన్ గోళాలతో ఇంకో కొలత తీయాలి. ఆ గోళాల మీద సంకేతం అంతే కాలం నిలకడగా ఉంటే కార్బినాల్ అనుమానం కూడా పోతుంది. ఈ రెండు కొలతలూ లేని పొర దాటే వేగాన్ని మీ పేజీలో అచ్చువేయవద్దని కోరుతున్నాం.

ఇట్లు,
కాంతి పరిక్షేపణ ప్రయోగాలు చేసే కొందరు పాఠకులు